ఒకే నాణెం, మూడు తీర్పులు: నిపుణుల మాటను ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న అడిగినవారు: వెండిబిళ్ళ

అందరికీ నమస్కారం. పన్నెండేళ్ళుగా నేను పంతొమ్మిదో శతాబ్దపు వెండి నాణేలను సేకరిస్తున్నాను. ఇన్నాళ్ళూ ఏ నాణెం మీద సందేహం వచ్చినా, కన్ను పండిన మనిషి ఒకరు చూసి చెబితే ఆ మాటతో నిశ్చింతగా ఉండేవాణ్ణి. ఈ మధ్య ఒక్క నాణెం ఆ నిశ్చింతను పోగొట్టింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదవగలరు.

ఆ నాణెం 1892లో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ టంకశాలలో ముద్రించిన వెండి డాలరు. రూపొందించిన చెక్కడపు పనివాని పేరు మీద సేకర్తలు దీన్ని మోర్గాన్ డాలరు అంటారు. బొమ్మ వైపు లిబర్టీ (స్వేచ్ఛకు ప్రతీకైన స్త్రీ) తల, బొరుసు వైపు రెక్కలు చాచిన గద్ద, గద్ద చుట్టూ ఉన్న దండ ముడి కింద టంకశాలను సూచించే చిన్న ‘ఓ’ అక్షరం ఉంటాయి. నా దగ్గరున్న చిన్న ఎలక్ట్రానిక్ త్రాసులో 26.7 గ్రాములు తూగింది. ఉండవలసిన తూకం 26.73 గ్రాములు కనుక ఆ విషయంలో నాకు అనుమానం లేదు.

మొదట దీన్ని చాలాకాలంగా నాణేల వ్యాపారంలో ఉన్న ఒకాయనకు చూపించాను. ఆయన భూతద్దంలో కొన్ని క్షణాలు చూసి, చెవి పైన జుట్టు పాయలు అరిగిపోయాయనీ, కొంతకాలం చేతులు మారిన నాణెమేననీ, స్థితిని బట్టి 1 నుంచి 70 దాకా వేసే అంకెల్లో 55కు మించి గ్రేడు రాదనీ చెప్పారు. ఆ తరువాత ఒక గ్రేడింగు సంస్థకు పంపితే, అసలు వాడుకలోకే రాని నాణెమని నిర్ణయించి, 62 అంకె వేసి, ప్లాస్టిక్ పలకలో బిగించి తిరిగి పంపారు. చాలా సంతోషించాను. అయితే నాతో పాటు సేకరించే మిత్రుడొకరు అది ఇంకా పైమెట్టుకు వెళ్ళవలసిన నాణెమని పట్టుబట్టడంతో, ఆ పలకను పగలగొట్టించి మరో సంస్థకు పంపాను. వారు అసలు అంకే వేయలేదు. నాణెం నిజమైనదే కాని, ఎప్పుడో ఎవరో శుభ్రం చేసినదని రాసి పంపించారు.

అరిగిందని ఒకరు, అరగలేదని ఒకరు, అరగడం సంగతి పక్కన పెట్టి తుడిచారని ఇంకొకరు! ముగ్గురూ ఈ పనిలో ఏళ్ళ తరబడి ఉన్నవారే. ఇందులో ఎవరి మాట పట్టుకోవాలి? కంటికి ఎదురుగా ఉన్న ఒక లోహపు బిళ్ళ మీద ఇంత తేడా వస్తున్నప్పుడు, ‘ఇది అసలుది, ఇది నకిలీ’ అని ఇదే నిపుణులు చెప్పే మాటను మాత్రం ఏ ధైర్యంతో నమ్మాలి? నా దగ్గరున్న మిగిలిన నాణేలన్నీ ఇలాంటి మాటల మీదే కొన్నవి కనుక ఈ ప్రశ్న నన్ను నిజంగా బాధిస్తోంది.

జవాబు: అచ్చుగీత

వెండిబిళ్ళ గారూ, నమస్కారం. మీ బాధ అర్థమైంది. అయితే ‘1892, ఓ’ అని మీరు రాసిన చోటే మీ మొదటి రెండు తీర్పుల మధ్య తేడాకు కారణం ఉంది. ముందు దాన్ని చెప్పి, తరువాత పెద్ద ప్రశ్నకు వస్తాను.

నాణెం ముద్రించేటప్పుడు రెండు అచ్చుల మధ్య ఖాళీ బిళ్ళను పెట్టి ఒత్తుతారు. ఆ ఒత్తిడికి లోహం మైనంలా కదిలి, అచ్చులో తవ్విన లోతుల్లోకి పారాలి. మోర్గాన్ డాలరులో బొమ్మ వైపు చెవి పైన ఉన్న జుట్టు, బొరుసు వైపు గద్ద రొమ్ము, ఈ రెండూ నాణెం మధ్యభాగంలో దాదాపు ఒకదాని వెనుక ఒకటి ఉంటాయి. రెండు లోతులూ అదే చోటు నుంచి లోహాన్ని లాక్కోవాలి కనుక అవి చివరగా నిండుతాయి. అచ్చుల మధ్య ఎడం కొంచెం ఎక్కువైనా, ఒత్తిడి కొంచెం తగ్గినా ఆ రెండు చోట్లా ముద్ర చదునుగా మిగిలిపోతుంది. న్యూ ఆర్లియన్స్‌లో 1891, 1892 సంవత్సరాల్లో ముద్రించిన డాలర్లలో చాలా వాటికి ఈ లోపం ఉంది. అంటే యంత్రం నుంచి బయటపడిన క్షణంలోనే చెవి పైన జుట్టు పాయలు లేని నాణెం అది. 1880 ప్రాంతంలో శాన్ ఫ్రాన్సిస్కోలో నిండుగా ముద్ర పడిన డాలర్లను చూసి అలవాటైన కన్ను దీన్ని చూస్తే, అరిగిందనే అనుకుంటుంది.

అరుగుదలకూ బలహీనమైన ముద్రకూ తేడా తెలుసుకోవడం సాధ్యమే. గది చీకటి చేసి, ఒకే ఒక్క బల్బు కింద నాణేన్ని అంచులు పట్టుకుని నెమ్మదిగా వంచుతూ తిప్పండి. వాడుకలోకి రాని నాణెం మీద వెలుగు బండిచక్రం ఆకుల్లా మధ్య నుంచి అంచుకు పట్టీలుగా సాగి, నాణెంతో పాటు తిరుగుతుంది. ముద్ర పడేటప్పుడు లోహం పారిన సన్నని గీతలు ఆ మెరుపునిస్తాయి. చేతులు మారుతున్నకొద్దీ మొదట ఎత్తైన చోట్ల ఆ గీతలు చెరిగిపోతాయి. అప్పుడు వెలుగు పట్టీ అక్కడికి రాగానే తెగిపోయి, ఆ చోటు మసక బూడిద రంగులో కనిపిస్తుంది. బలహీనమైన ముద్ర అయితే చదునైన చోట కూడా వెలుగు తెగకుండా సాగిపోతుంది. ఇంకొక గుర్తు కూడా ఉంది. ఒత్తిడి చాలని చోట, ఖాళీ బిళ్ళ మీద ముద్రకు ముందే ఉన్న చిన్న చిన్న గాట్లు, గీరలు అలాగే మిగిలిపోతాయి. అరిగిన చోట అలాంటి గరుకుతనం మిగలదు, నునుపే ఉంటుంది. మీ నాణెంలో చెవి పైన ఐదింతలు పెద్దగా చూపించే భూతద్దంతో చూసి ఏది కనిపిస్తుందో రాయండి.

ఇక పెద్ద ప్రశ్న. మనం నిపుణుడి దగ్గరకు వెళ్ళి ‘ఈ నాణెం చూడండి’ అన్నప్పుడు, తెలియకుండానే మూడు వేర్వేరు ప్రశ్నలు అడుగుతున్నాం. ఇది అసలుదా, ఏ స్థితిలో ఉంది, ఎంత చేస్తుంది? మొదటిదానికి జవాబు నాణెంలోనే ఉంది, ఎవరు చూసినా చూడకపోయినా అది మారదు. రెండోది నాణెంలో సగం ఉంది, మిగతా సగం మనుషులు కుదుర్చుకున్న ఒప్పందంలో ఉంది. మూడోది కొనేవాళ్ళ మనసుల్లో ఉంది. మూడింటికీ ఒకే మనిషి ఒకే గొంతుతో జవాబు చెబుతాడు కనుక, ఒకే స్థాయి నమ్మకం ఇవ్వవచ్చని మనం పొరబడతాం.

గ్రేడు అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో చూస్తే ఇది మరింత తేటపడుతుంది. 1 నుంచి 70 దాకా ఉన్న ఈ కొలమానాన్ని 1949లో విలియం షెల్డన్ తొలినాటి అమెరికా పెద్ద రాగి సెంట్ల కోసం తయారు చేశారు. గుర్తుపట్టడానికి మాత్రమే వీలయ్యే నాణెం విలువ ఒకటి అనుకుంటే, ఏ లోపమూ లేనిది దానికి 70 రెట్లు చేయాలన్నది ఆయన లెక్క. అంటే ఆ అంకె మొదట ధరల కోసం పుట్టినది, ఒకే రకం నాణేల కోసం పుట్టినది. ఆ ధరల లెక్క తొందరలోనే పనికిరాకుండా పోయింది, అంకెలు మాత్రం నిలిచాయి. 1970లలో వాటిని మిగతా అమెరికా నాణేలన్నింటికీ వర్తింపజేశారు. వాడుకలోకి రాని నాణేలకు మొదట్లో 60, 65, 70 అని మూడే మెట్లు ఉండేవి. ఇప్పుడు 60 నుంచి 70 దాకా పదకొండు మెట్లున్నాయి. మనిషి కన్ను ఆ పదకొండు మెట్లను ప్రతిసారీ ఒకేలా విడదీయగలదని నేను అనుకోను. ఒక్క మెట్టు తేడాను నేను తప్పుగా లెక్కించను, దాన్ని కొలత పరిమితిగానే చూస్తాను.

చివరగా ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోకండి. మొదట చూసిన వర్తకుడు ఆ నాణేన్ని తానే కొంటానని అన్నారా?

జవాబు: పలక లోపల

నేను కొన్నేళ్ళు ఒక గ్రేడింగు గదిలో పనిచేశాను. సంస్థ పేరు అనవసరం. బయటివారికి ఆ గది ఒక ప్రయోగశాలలా అనిపిస్తుంది కాని, అక్కడ ఉండేది ఒక బల్ల, ఒక దీపం, ఒక భూతద్దం, మనిషి. నాణెం ఎవరు పంపారో గ్రేడు వేసేవారికి తెలియదు, ఇది నిజమే. ఒకరి తరువాత ఒకరు విడివిడిగా చూసి అంకెలు వేస్తారు, అవి కలవకపోతే పెద్దవారొకరు తేలుస్తారు. 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే గ్రేడింగు సంస్థలు మొదలైనప్పుడు ఈ పద్ధతే పెద్ద మార్పు. అంతకుముందు అమ్మేవాడే గ్రేడు చెప్పేవాడు, కొనేటప్పుడు అదే నాణేనికి అదే మనిషి తక్కువ గ్రేడు చెప్పేవాడు. ఆ రోజులతో పోలిస్తే ఇప్పటి వ్యవస్థ ఎంతో మేలు. దీన్ని తీసిపారేయవద్దని ముందుగా మనవి.

అయితే పరిమితులు కూడా చెప్పాలి. సాధారణమైన నాణేనికి ఒక్కొక్కరు కేటాయించగలిగేది క్షణాలే, నిమిషాలు కాదు. వరుసగా పది మసకబారిన నాణేలు చూసిన తరువాత పదకొండోది కొంచెం మెరిసినా గొప్పగా కనిపిస్తుంది. అదే నాణెం పది మెరిసే వాటి తరువాత వస్తే చప్పగా అనిపిస్తుంది. ఉదయం చూసినదానికీ సాయంత్రం కళ్ళు అలసిన తరువాత చూసినదానికీ తేడా ఉంటుంది. నేను వేసిన అంకెలనే కొన్ని నెలల తరువాత, నావని తెలియకుండా మళ్ళీ చూసినప్పుడు, చాలావాటిలో అదే అంకె వేశాను, కొన్నింటిలో ఒక మెట్టు పైకో కిందికో వెళ్ళాను. 58కీ 62కీ మధ్య ఊగిన నాణేలు కూడా ఉన్నాయి. 58 అంటే లేశమంత అరుగుదల ఉన్నా చూపులకు అందమైనది, 62 అంటే అరుగుదల లేకపోయినా సంచుల్లో ఒకదానికొకటి తగిలిన దెబ్బలున్నది. అంకెల్లో నాలుగు మెట్ల దూరం కనిపించినా, చేతిలో పట్టుకుంటే ఆ రెండింటి మధ్య ఉన్నది ఒకే ఒక్క ప్రశ్న: ఆ ఎత్తైన చోట కనిపించే మసక అరుగుదలా కాదా? అచ్చుగీత గారు చెప్పిన న్యూ ఆర్లియన్స్ డాలర్లు ఆ ప్రశ్న దగ్గర మమ్మల్ని చాలాసార్లు నిలబెట్టాయి.

మూడో తీర్పు గురించి. తుడిచిన గీతలు దాగుడుమూతలాడతాయి. వెండి మీద మెత్తని గుడ్డతో ఒక్కసారి రుద్దినా, గుడ్డలో ఇరుక్కున్న దుమ్ము వెంట్రుకంత సన్నని గీతలు గీస్తుంది. అవి ఒకే దిక్కులో, ఒకదాని పక్కన ఒకటి సాగుతాయి. ట్యూబ్‌లైటు వెలుగు అన్ని వైపుల నుంచీ పరుచుకుంటుంది కనుక దాని కింద అవి దాదాపు కనిపించవు. ఒకే చోటు నుంచి వచ్చే బల్బు వెలుగులో నాణేన్ని ఒక కోణానికి తిప్పితే ఒక్కసారిగా మెరుస్తాయి, మరికొంచెం తిప్పితే మాయమవుతాయి. ఆ కోణాన్ని మొదటి సంస్థలో చూసినవారు దాటిపోయి ఉండవచ్చు. లేదా చూసి కూడా, ఆ కొద్ది గీతలకు గ్రేడు తగ్గిస్తే చాలని 64కు బదులు 62 వేసి ఉండవచ్చు. ఎన్ని గీతలుంటే ‘శుభ్రం చేసినది’ అనాలి, ఎన్ని ఉంటే గ్రేడు తగ్గించి ఊరుకోవాలి అన్నదానికి రాసిపెట్టిన లెక్క లేదు. ఈ రంగంలో నన్ను అన్నింటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టిన గీటు అదే.

ఇంకొక సంగతి కూడా చెప్పి తీరాలి, ఎందుకంటే మీరు తెలియకుండానే అందులో భాగమయ్యారు. పలక పగలగొట్టి మళ్ళీ పంపడం సేకర్తల్లో మామూలు అలవాటు. ఇందులో ఒక చిక్కుంది. తక్కువ గ్రేడు వచ్చిందనుకున్నవారే మళ్ళీ పంపుతారు. పొరపాటున ఎక్కువ గ్రేడు వచ్చినవారు పలకను భద్రంగా దాచుకుంటారు. అలా ఏళ్ళ తరబడి జరిగితే, తక్కువ వేసిన పొరపాట్లు దిద్దుబాటవుతాయి, ఎక్కువ వేసిన పొరపాట్లు మాత్రం మార్కెట్లో మిగిలిపోతాయి. గ్రేడు వేసేవారు రెండు వైపులా సమానంగా పొరబడినా, పలకల్లో మిగిలే నాణేలు మాత్రం ఒకే వైపుకు ఒరుగుతాయి. అంతేకాదు, పగలగొట్టిన పలకలోని గ్రేడు చీటీని సంస్థకు తిప్పి పంపకపోతే ఒకే నాణెం రెండు మూడు నాణేలుగా లెక్కలోకి ఎక్కుతుంది. ఏ గ్రేడులో ఎన్ని నాణేలున్నాయో సంస్థలు ప్రకటించే లెక్కలు చూసి అరుదుతనాన్ని అంచనా వేసేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి. 2007 నుంచి సీఏసీ అనే మరో సంస్థ, ఇతరుల పలకల్లో ఉన్న నాణేలను మళ్ళీ చూసి, ఆ గ్రేడుకు గట్టిగా తగినవాటికి మాత్రమే చిన్న ఆకుపచ్చ బిళ్ళ అతికిస్తోంది. తీర్పు మీద మరో తీర్పు అవసరమైందంటే, ఒకే అంకె ఉన్న నాణేలన్నీ ఒకటి కావని కొనేవారికి అర్థమైందన్నమాట.

జవాబు: గీటురాయి

పై ఇద్దరూ గ్రేడు విషయంలో చెప్పినదాన్ని ఒప్పుకుంటాను. అయితే ‘అసలుదా నకిలీదా అన్నదానికి జవాబు నాణెంలోనే ఉంది’ అన్న మాట చదివి, ఆ విషయంలో నిపుణులు పొరబడరని వెండిబిళ్ళ గారు అనుకోకూడదు. జవాబు నాణెంలో ఉండవచ్చు, కాని దాన్ని చదివే కన్ను మనిషిదే.

న్యూ ఆర్లియన్స్ డాలర్లలోనే దీనికి ఉదాహరణ ఉంది. 1896, 1900, 1902 తేదీలు ఉండి, ‘ఓ’ అక్షరం మామూలుకన్నా చిన్నగా ఉన్న కొన్ని డాలర్లను సేకర్తలు చాలాకాలం అరుదైన రకాలుగా ఆదరించారు. గ్రేడింగు సంస్థలు వాటిని అసలువిగా ధ్రువీకరించి పలకల్లో బిగించాయి. 2005లో వాటిని మళ్ళీ పరిశీలించి, అవి ఆ రోజుల్లోనే ఎవరో దొంగతనంగా ముద్రించిన నకిలీలని పీసీజీఎస్ ప్రకటించింది. ఒకే బొరుసు అచ్చు లోపాలు వేర్వేరు తేదీలున్న నాణేల మీద కనిపించడం వాటిని పట్టించింది. టంకశాలలో ఒక బొరుసు అచ్చు అన్నేళ్ళ ఎడంతో మళ్ళీ మళ్ళీ కనిపించడం నమ్మదగినది కాదు. మంచి వెండితో చేసినవి కనుక తూకం, లోహం వాటిని పట్టివ్వలేదు. విడివిడిగా ఒక్కొక్క నాణేన్ని చూసిన కన్ను ఎంత పదునైనదైనా దాటిపోయింది. వాటిని పక్కపక్కన పెట్టినప్పుడే నిజం బయటపడింది. చిన్న ‘ఓ’ ఉన్నవన్నీ నకిలీలు కావని కూడా గమనించండి, 1899 నాటివి అసలువే.

ఎదురు దిక్కులో జరిగిన పొరపాటు ఇంకా బాధాకరమైనది. 1913 తేదీ ఉన్న లిబర్టీ నికెల్ (అమెరికా ఐదు సెంట్ల) నాణేలు ప్రపంచంలో ఐదే ఉన్నాయి. వాటిలో ఒకదాని యజమాని జార్జ్ వాల్టన్ 1962లో ఒక నాణేల ప్రదర్శనకు వెళ్తూ కారు ప్రమాదంలో మరణించారు. ఆ తరువాత ఆయన నాణేలను పరిశీలించినవారు ఇది తేదీ అంకె మార్చిన నకిలీ అని తేల్చి కుటుంబానికి తిరిగి ఇచ్చేశారు. దాదాపు నలభై ఏళ్ళు అది ఇంట్లో మూలన పడి ఉంది. 2003లో బాల్టిమోర్‌లో మిగిలిన నాలుగు నాణేలనూ ఒకచోటికి చేర్చినప్పుడు కుటుంబం దీన్ని కూడా తీసుకువెళ్ళింది. ఆరుగురు పరిశీలకులు ఐదింటినీ కలిపి చూసి, ఇది ఐదో అసలు నాణెమేనని ఏకగ్రీవంగా చెప్పారు. నకిలీ అన్నవారు కూడా చిన్నవారేమీ కాదు. నా ఉద్దేశంలో రెండోసారి తీర్పు మారడానికి కారణం మరింత గొప్ప కన్ను దొరకడం కాదు, పోల్చడానికి నాలుగు అసలు నాణేలు ఒకే బల్ల మీద దొరకడం.

కొన్నిచోట్ల పరికరాలు కూడా గొడవను తీర్చవు. 1713లో ట్రాన్సిల్వేనియాలో (ఇప్పటి రొమేనియాలో) దొరికిన కొన్ని బంగారు నాణేల మీద స్పాన్సియన్ అనే రోమన్ పాలకుడి పేరుంది. చరిత్ర గ్రంథాల్లో ఎక్కడా ఆయన పేరు లేదు. ముద్ర మొరటుగా ఉందని పంతొమ్మిదో శతాబ్దంలోనే నాణేల పండితులు వీటిని నకిలీలుగా కొట్టిపారేశారు. 2022లో కొందరు పరిశోధకులు గ్లాస్గోలోని హంటేరియన్ మ్యూజియంలో ఉన్న నాణేన్ని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూసి, దాని మీద గీతల తీరు, అంటుకుపోయిన మట్టి ఖనిజాలు చాలాకాలం వాడుకలో తిరిగి, చాలాకాలం భూమిలో ఉన్న నాణేనివని ప్రకటించారు. నాణేల పండితులు చాలామంది ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు. ఆ కాలపు నాణేల్లా అచ్చుల మధ్య ఒత్తకుండా మూసలో పోసి చేసినవి కదా, వాటి మీది అక్షరాల పొంతన లేనితనం సంగతేమిటి అని వారి ప్రశ్న. ఒకరు మట్టిని చూస్తున్నారు, ఒకరు ముద్రను చూస్తున్నారు. ఇద్దరూ నిపుణులే, ఎవరి శాస్త్రంలో వారు.

కనుక నిపుణుడి మాటతో పాటు, ఆ మాట దేని మీద నిలబడిందో అడగడం అలవాటు చేసుకోండి. ‘నాకు బాగోలేదనిపిస్తోంది’ అన్నది అనుభవజ్ఞుడి నోట వస్తే దానికి విలువ లేకపోలేదు, నేను దాన్ని హెచ్చరికగా తీసుకుంటాను. కాని తీర్పుగా తీసుకోను. ‘ఈ అక్షరం పాదం దగ్గర అతుకు కనిపిస్తోంది, మీరూ చూడండి’ అంటే అది తీర్పు. ఎందుకంటే దాన్ని నేనూ చూడగలను, కాదనిపిస్తే కాదనగలను.

జవాబు: అచ్చుగీత

గీటురాయి గారు చెప్పినది న్యాయం, నా మాటకు ఆ సవరణ అవసరమే. అయినా ఒక తేడా నిలుస్తుందని నా నమ్మకం. వాల్టన్ నాణెం విషయంలో 2003లో చెప్పిన మాట తరువాత అంతకుముందు నకిలీ అన్న మాటను ఇప్పుడెవరూ పట్టుకుని లేరు, రుజువు దొరకగానే వివాదం ముగిసింది. 62కీ 63కీ మధ్య గొడవను అలా ముగించగల రుజువు ఏదీ, ఎక్కడా లేదు. అక్కడ ఇంకో మనిషి మాట దొరుకుతుంది, అంతే.

నకిలీల విషయంలో ఇంట్లో చేసుకోదగిన పరీక్షల్లో తూకం తరువాత సాంద్రత కూడా చూడండి. తొంభై పాళ్ళు వెండి, పది పాళ్ళు రాగి కలిసిన లోహానికి నీటితో పోలిస్తే బరువు సుమారు 10.3 రెట్లు ఉంటుంది. నాణేన్ని సన్నని దారంతో నీళ్ళ గిన్నెలో మునిగేలా, అడుగుకు తగలకుండా వేలాడదీసి, గిన్నె బరువు ఎంత పెరిగిందో చూస్తే ఆ లెక్క వచ్చేస్తుంది. మీ నాణేనికి ఆ పెరుగుదల సుమారు 2.6 గ్రాములు ఉండాలి. సీసమో, వెండి పూత పూసిన ఇత్తడో అయితే ఇక్కడే దొరికిపోతుంది. మంచి వెండితో చేసిన నకిలీ మాత్రం దొరకదు, గీటురాయి గారు చెప్పిన చిన్న ‘ఓ’ నాణేల్లా. తరువాత నాణేన్ని తుడవకండి, గుడ్డ మీద పెట్టి దానంతట అది ఆరనివ్వండి.

వెండిబిళ్ళ (ప్రశ్న అడిగినవారు)

అందరికీ కృతజ్ఞతలు. అచ్చుగీత గారి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. అవును, ఆ వర్తకుడు కొంటానన్నారు. గ్రేడు చెప్పిన మాట పూర్తికాకముందే కొంటానన్న మాట వచ్చింది. ఆయన మోసం చేశారని అనను, ఆ జుట్టు చూస్తే ఎవరైనా పొరబడతారని ఇప్పుడు తెలిసింది. కాని కొనబోయే మనిషి చెప్పిన గ్రేడును నేను తీర్పుగా తీసుకోవడం నా తెలివితక్కువతనమే.

నిన్న రాత్రి గదిలో దీపాలన్నీ ఆర్పి, బల్ల దీపం ఒక్కటే ఉంచి నాణేన్ని తిప్పి చూశాను. వెలుగు పట్టీ బుగ్గ మీదుగా వచ్చి, చెవి పైన చదునైన చోటును దాటి, ఎక్కడా తెగకుండా కిరీటం వైపు వెళ్ళిపోయింది. భూతద్దంలో ఆ చదునైన చోట ఉప్పు రవ్వలు చల్లినట్టు చిన్న చిన్న గాట్లు కనిపించాయి. పన్నెండేళ్ళలో నేను ఆ చోటును ఎన్నిసార్లు చూశానో, ఒక్కసారి కూడా వాటిని గమనించలేదు. గద్ద రొమ్ము కూడా అంతే. అరిగిన నాణెం కాదని నాకు నేనుగా తేల్చుకోగలిగాను.

కాని మరికొంచెం తిప్పగానే, ముఖం ముందున్న ఖాళీ జాగాలో, ముక్కు దగ్గర నుంచి అంచు దాకా, ఏటవాలుగా ఒకే దిక్కులో సాగే సన్నని గీతలు పదో పన్నెండో మెరిశాయి. వెంటనే మాయమయ్యాయి. మళ్ళీ వెనక్కు తిప్పితే మళ్ళీ వచ్చాయి. బొరుసు వైపు ఎంత వెతికినా లేవు. అంటే మూడో తీర్పు ఇచ్చినవారు కూడా లేనిదాన్ని చెప్పలేదు. ముగ్గురిలో ఇద్దరు చూసినది నిజంగా అక్కడుంది, మొదటాయన చూసినదానికి కూడా కారణముంది. ఇన్నాళ్ళూ ముగ్గురూ ఒకరినొకరు కొట్టేస్తున్నారని అనుకున్నాను.

ఒక్క సందేహం మిగిలింది. ఈ పది పన్నెండు గీతలతో నాణేన్ని మళ్ళీ మొదటి సంస్థకు పంపడం సరైనదేనా? వారు మళ్ళీ 62 వేస్తే, రెండో సంస్థ మాటను దాచి అమ్మినట్టవుతుందేమోనని మనసు ఒప్పడం లేదు.

జవాబు: పలక లోపల

మీరు వర్ణించినది చదివితే, బొమ్మ వైపు ఎవరో ఒక్కసారి వేలితోనో గుడ్డతోనో తుడిచినట్టుంది. అది ‘శుభ్రం చేసినది’ అన్న గీటుకు అటు పడుతుందా ఇటు పడుతుందా అన్నది నేను మీ నాణేన్ని చేతిలో పట్టుకుని కూడా ఖచ్చితంగా చెప్పలేనేమో. పంపడంలో తప్పు లేదు. అయితే ఎప్పుడైనా అమ్మితే, రెండు తీర్పులనూ, నిన్న రాత్రి మీరు చూసినదాన్నీ ఒక కాగితం మీద రాసి నాణెంతో పాటే ఇవ్వండి. ఏ దీపం కింద, ఏ వైపుకు తిప్పితే ఆ గీతలు కనిపిస్తాయో కూడా రాయండి. కొనేవారు దీపం వెలిగించి తామే చూసుకుంటారు.